ధర్మపురిలో ఒక ఆదివారం: వకీళ్ల వర్క్‌షాప్ డైరీ

2025 జూన్ 3, మంగళవారం

బార్ అసోసియేషన్ గదిలో చాయ్ దగ్గర మొదలైన మాట ఇది. పొద్దున మా జూనియర్ ఒకడు బెయిల్ పిటిషన్ వేశాడు. పైన పాత సెక్షన్ నంబరు 439 టైపు చేసి, దాన్ని కొట్టేసి చేత్తో కొత్త నంబరు 483 అని దిద్దాడు. కోర్టును ఏం కోరుతున్నామో రాసే ప్రేయర్‌లో మాత్రం 439 అట్లాగే ఉండిపోయింది. పిటిషన్ వాపసు వచ్చింది. వాణ్ణి తిడదామని నోరు తెరిచాను గానీ, పోయిన వారం నేనే ఒక మెయింటెనెన్స్ కేసులో పాత నంబరు 125 అని రాసి దిద్దుకున్న సంగతి గుర్తొచ్చి ఆగిపోయాను.

కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చింది 2024 జులై 1న. ఇంకో నాలుగు వారాల్లో ఏడాది. ఐపీసీలో 511 సెక్షన్లుంటే భారతీయ న్యాయ సంహితలో 358. కేసు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ 484 పోయి నాగరిక సురక్షా సంహిత 531 అయింది. 167 ఉన్న సాక్ష్యాధారాల చట్టం 170కి చేరింది. ఊరందరి నోట్లో నానిన 144 ఇప్పుడు భార్యాపిల్లల పోషణ సెక్షన్. నలుగురు గుమిగూడొద్దనే ఉత్తర్వు 163కి పోయింది. ఇక మోసగాణ్ణి తిట్టాలంటే 'త్రీ ఎయిటీన్ ఫోర్' అనాలి. ఎవరంటారు? ఫోర్ ట్వంటీ మాత్రం చట్టంలోంచి పోయినా ఊళ్లోంచి పోదు.

ఒక రోజు అందరం కూర్చుని నేర్చుకుందాం అన్నాను. మన వృత్తిలో చదువు ఎన్‌రోల్‌మెంట్‌తోనే ఆగిపోతుంది. ఆలిండియా బార్ ఎగ్జామ్ ఒక్కటి గట్టెక్కితే ఆ తర్వాత జీవితాంతం ఎవరూ ఏమీ అడగరు. డాక్టర్లకు చదువు కొనసాగించాలని సీఎంఈ క్రెడిట్లున్నాయి, మనకు అలాంటి కట్టుబాటు లేదు. పెద్ద ఊళ్లలో జరిగే సెమినార్లకు ఇక్కడి నుంచి పోయి రావాలంటే ఒక రోజు పేషీలు, రెండు రోజుల నిద్ర పోతాయి.

ఎక్కడ పెట్టాలన్న దగ్గర చర్చ లేచింది. జగిత్యాల కోర్టు హాల్లోనే అని కొందరు. నేను వద్దన్నాను. కోర్టు ఆవరణలో పెడితే మనిషి కుర్చీలో ఉంటాడు, మనసు క్లైంట్ ఫోన్‌లో ఉంటుంది. ఆదివారమైనా ఎవడో ఒకడు వకాలత్ మీద సంతకం కోసం వస్తాడు. ధర్మపురి అన్నాను. ఇక్కడి నుంచి దాదాపు 30 కిలోమీటర్లు. కోరుట్ల, మెట్‌పల్లి వాళ్లు జగిత్యాల మీదుగా వస్తారు, లక్సెట్టిపేట, మంచిర్యాల వాళ్లు రాయపట్నం వంతెన దాటితే చాలు. అందరికీ ఒకటే రోడ్డు.

"ధర్మపురికి వస్తే యమపురి ఉండదంటరు గద మేడం. మరి క్లైంట్లన్న ఉంటరా?" అన్నాడు మా గుమాస్తా.

నరసింహస్వామి గుడి ఆవరణలో యమధర్మరాజుకు వేరే గుడి ఉన్న ఊరు అది. భక్తులు యమ గండదీపంలో నూనె పోసి మొక్కుకుంటారు. వాయిదాలు లేని కోర్టు నడిపే జడ్జి ఆయనొక్కడే. మా మీటింగుకు అంతకన్నా తగిన ఊరు నాకు తోచలేదు.

జూన్ 7, శనివారం

బక్రీద్ సెలవు. నేను, మా జూనియర్, కోరుట్ల నుంచి వచ్చిన ఒక అన్న, ముగ్గురం ధర్మపురి వెళ్లాం. మూడు చోట్లు చూశాం. గుడి దగ్గరి సత్రంలో పెద్ద గది ఉంది, అద్దె తక్కువే. కానీ కింద కూర్చోవాలి. రాతపని చేయించాలనుకుంటున్నాం, బల్లలు లేకుండా కుదరదు. రెండోది ఒక స్కూలు. బెంచీలున్నాయి గానీ నాలుగో తరగతి పిల్లలవి. మా సీనియర్లను అందులో కూర్చోబెడితే లేపడానికి ఇద్దరు మనుషులు కావాలి.

మూడోది జగిత్యాల రోడ్డులో ఫంక్షన్ హాలు. పెళ్లిళ్ల సీజన్లో 25,000 తీసుకుంటానన్న ఓనర్ మా తేదీలు విని నవ్వాడు. "ఆషాఢంల ఎవరు వస్తరమ్మా? తొమ్మిది వేలియ్యిరి." ఆషాఢం పెళ్లిళ్లకు పనికిరాదు గానీ మాకు దేవుడిచ్చిన నెల. భోజనాల బల్లలు 20 ఉన్నాయి. ఒక్కో దాని చుట్టూ నలుగురు పడతారు. అంటే 80 మంది. ప్లగ్ పాయింట్లు మాత్రం స్టేజీ వైపే ఉన్నాయి. రాసుకున్నాను: ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఆరు.

నేను బల్లలు లెక్కపెడుతుంటే కోరుట్ల అన్న స్టేజీ కొలుస్తున్నాడు. ఎనిమిది మందికి కుర్చీలు పడతాయట. "ఎనిమిది మంది ఎవరన్నా?" అంటే ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి అని వేళ్లు మడిచాడు. నాకు అప్పుడే గుండెలో రాయి పడింది.

తిరిగొచ్చేముందు గోదావరి ఒడ్డుకు వెళ్లాం. ఇక్కడ నది దక్షిణానికి తిరిగి పారుతుంది. నీళ్లు ఇంకా పలచగానే ఉన్నాయి. రేపు మృగశిర కార్తె. దారి పొడవునా చేపల బేరాలే.

జూన్ 10, మంగళవారం

తేదీ తప్పింది.

జులై 1 తర్వాత వచ్చే మొదటి ఆదివారమని 6వ తేదీ అనుకుని నలభై మందికి చెప్పేశాను. సాయంత్రం మున్షీ తాతతో మాట్లాడుతుంటే బయటపడింది. తాతది డెబ్బై ఎనిమిదేళ్ల వయసు. పూర్వం ఒక పెద్ద వకీలు దగ్గర మున్షీ. ఉర్దూలో చదువుకున్న తరం. పాత భూమి కాగితం ఏదైనా చదవాలంటే ఈ చుట్టుపక్కల ఆయన దగ్గరికే పోతారు. జేబులో ఎప్పుడూ ఇత్తడి చుట్టు ఉన్న భూతద్దం ఉంటుంది.

"ఆరో తారీఖా? గా దినం తొలి ఏకాదశి బిడ్డా. ధర్మపురిల అడుగు పెట్టనీకి సందు దొరకది. పీర్ల పండుగ గూడ గప్పుడే. నీ మీటింగుకు ఎవరొస్తరు, ఎవరు తింటరు?"

క్యాలెండర్ చూస్తే నిజమే, రెండూ ఒకే ఆదివారం. సగం మంది ఒక్కపొద్దు, మిగతా సగం ఊళ్లో పీర్ల దగ్గర. కోర్టు క్యాలెండర్ తప్ప వేరే క్యాలెండర్ చూడని బతుకు అయిపోయింది నాది. 13వ తేదీకి మార్చి, నలభై మందికి మళ్లీ ఫోన్లు. 12 రెండో శనివారం కాబట్టి అదీ సెలవే, ఒక రోజు ముందుగా పోయి సర్దుకోవచ్చు.

జూన్ 15, ఆదివారం

ఏం నేర్పాలి? ఇవాళంతా ఇదే పంచాయితీ.

అందరూ అడిగేది ఒకటే, 'కొత్త సెక్షన్ల మీద క్లాసు'. దానికి క్లాసు దండగ. పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కన ఉన్న కార్డు ఒకటి చేతికిస్తే చాలు. కోటు జేబులో పట్టేట్టు రెండు వైపులా 60 సెక్షన్లు అచ్చేయిద్దాం. హత్య 302 ఇప్పుడు 103(1), హత్యాయత్నం 307 ఇప్పుడు 109, భార్యను వేధించడం 498ఏ ఇప్పుడు 85, నిర్లక్ష్యంతో చావు 304ఏ ఇప్పుడు 106(1), ముందస్తు బెయిల్ 438 ఇప్పుడు 482, కేసు కొట్టేయమని హైకోర్టులో వేసే క్వాష్ పిటిషన్ 482 ఇప్పుడు 528. ఈ 482 దగ్గరే అందరూ బోర్లా పడుతున్నారు. పాత చట్టంలో అది క్వాష్, కొత్త దాంట్లో యాంటిసిపేటరీ, అంటే ముందస్తు బెయిల్. నోటితో '482 వేద్దాం' అంటే ఏది వేయాలో ఎదుటివాడి వయసును బట్టి తెలుసుకోవాలి.

చివరికి మూడు క్లాసులకు కుదించాం. ఒకటి, రిమాండ్ రోజు వకీలు ఏం చూడాలి. రెండు, ఫోన్‌లో ఉన్న వీడియోను కోర్టులో సాక్ష్యంగా పెట్టడం ఎట్లా. మూడోది నేను పట్టుబట్టి చేర్పించాను: పాత రెవెన్యూ కాగితాలు చదవడం. కొత్త చట్టాల మీటింగులో 1954 కాగితాలెందుకని మంచిర్యాల మేడం అడిగింది. తెలంగాణలో భూమి రికార్డులకు ధరణి పోయి భూభారతి చట్టం వచ్చింది, ధరణిలో లేని అప్పీలు దారి దొరికింది. ఆర్డీఓ దగ్గర నిలబడ్డ రోజు 'మా తాతల నాటి పట్టా' అని నోటితో అంటే సరిపోదు కదా. ఆ 1954 నాటి భూమి రికార్డు, ఖాస్రా పహాణీ, తెచ్చి అందులో ఏ గడిలో ఏముందో చూపించాలి. ఇప్పుడు బార్‌లో ఉన్న నలభై ఏళ్ల లోపు వాళ్లలో అది చదవగలిగినవాళ్లను నేను ఒక్కరినీ చూడలేదు. నాకూ సగమే వచ్చు.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం. ప్రతి క్లాసులో సగం టైము మైకుకు, సగం టైము బల్లకు. ప్రతి బల్ల మీదా ఒక కాగితం ఉంటుంది, దాన్ని నింపకుండా భోజనానికి లేవకూడదు.

జూన్ 19, గురువారం

రిజిస్ట్రేషన్ 300 రూపాయలు. ముగ్గురు సీనియర్లు తలా 5,000 ఇస్తామన్నారు. జూనియర్లకు ఉచితమంటే బాగుండు అనిపించింది గానీ, ఉచితమైతే రారు. డబ్బు కట్టినవాడే వస్తాడు. మా పెళ్లి భోజనాల అనుభవం వేరేలా చెప్పినా సరే.

ఇవాళ ముగ్గురు పిల్లలు వచ్చి "మేడం, సర్టిఫికెట్ ఇస్తరా?" అని అడిగారు. పోయిన నెల 20న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి ఇదే గోల. సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి. దానికి కావాల్సింది పదేళ్ల సీనియారిటీ ఉన్న వకీలో, ప్రిన్సిపల్ జ్యుడీషియల్ ఆఫీసరో ఇచ్చే సర్టిఫికెట్. వకీలు ఇస్తే దాని మీద ఆ ఆఫీసర్ ఎండార్స్‌మెంట్ కూడా ఉండాలి. మా ఫంక్షన్ హాలు కాగితం అందుకు పనికిరాదని చెప్పాను. అయినా కావాలన్నారు. ఫ్రేము కట్టించుకుంటారట. సరే, ఇస్తాం.

జూన్ 24, మంగళవారం

ఫ్లెక్సీ వచ్చింది. చూడగానే తల తిరిగింది.

డిజైన్ చూసుకునే పని ఒక కుర్ర వకీలుకు అప్పగించాను, నాదే తప్పు. పది అడుగుల ఫ్లెక్సీలో తొమ్మిది మంది ఫొటోలు, కింద ఫోన్ నంబర్లు, ఒకాయన పేరు కింద 'క్రిమినల్ కేసుల స్పెషలిస్ట్'. వర్క్‌షాప్ అన్న మాట భూతద్దం పెడితే గానీ కనిపించదు.

బార్ కౌన్సిల్ రూల్స్‌లో 36వ రూల్ ఉంది. వకీలు నేరుగా గానీ చాటుగా గానీ తన పనికి ప్రచారం చేసుకోకూడదు. ఆఫీసు బోర్డు కూడా మామూలు సైజులోనే ఉండాలి, ఫలానా రకం కేసుల్లో దిట్టనని దాని మీద రాసుకోకూడదు. చట్టం నేర్పే మీటింగును ఆ చట్టం తప్పే ఫ్లెక్సీతో మొదలుపెడతామా? కుర్రాడు బిక్కమొహం వేశాడు. "అందరు గిట్లనే పెట్టుకుంటున్నరు గద మేడం." నిజమే. పుట్టినరోజులకు, పండుగలకు రోడ్లన్నీ అవే. అందుకే ఆ రూల్‌ను మొదటి క్లాసుకు ముందు అయిదు నిమిషాలు చదివి వినిపించాలని రాసుకున్నాను. కొత్త ఫ్లెక్సీలో ఊరు, తేదీ, మూడు క్లాసుల పేర్లు మాత్రమే ఉంటాయి. పాతదానికి పెట్టిన 1,200 నీళ్లపాలు. గుమాస్తా దాన్ని వాళ్ల ఊరికి తీసుకెళ్లాడు, వడ్ల బస్తాల మీద కప్పడానికట.

జూన్ 29, ఆదివారం

ఇవాళ ఇంట్లో హ్యాష్ ప్రయోగం చేశాం. నాలుగు గంటలు పట్టింది, కానీ ఈ నెలంతటిలో నాకు నచ్చిన రోజు ఇదే.

ముందు సంగతి చెప్పాలి. ఫోన్, కంప్యూటర్ సాక్ష్యం పెట్టాలంటే పాత చట్టంలో 65బి సర్టిఫికెట్ ఉండేది. ఇప్పుడది కొత్త సాక్ష్య చట్టంలో సెక్షన్ 63. సర్టిఫికెట్ నమూనా చట్టం చివర షెడ్యూల్లోనే ఉంది. అందులో రెండు భాగాలు. పార్ట్ ఎ సాక్ష్యం దాఖలు చేసే మనిషి నింపాలి, పార్ట్ బి ఎక్స్‌పర్ట్ నింపాలి. రెండింట్లోనూ ఫైలు హ్యాష్ వాల్యూ రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఫైల్లో ఒక్క చుక్క మారినా ఆ ముద్ర మొత్తం మారిపోతుంది.

దీని మీద మాట్లాడతానన్న సైబర్ నిపుణుడు ఒకాయన మొన్న రానని చెప్పేశాడు. కారణం అడగలేదు, అడిగి లాభం లేదు. ఇంకెవరూ దొరకలేదు. ఇక నేనే చెప్పాలి. టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర లేదు.

జూనియర్ ఫోన్‌లో మా గేటు దగ్గరి కుక్కను పది సెకన్లు వీడియో తీశాం. కేబుల్‌తో ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాం. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సర్ట్‌యుటిల్ కమాండ్ ఇచ్చి, ఎస్‌హెచ్ఏ 256 అని కొడితే 64 అక్షరాల వరుస వచ్చింది. నెట్ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. అదే వీడియోను వాట్సాప్‌లో నాకు పంపించి, నా ఫోన్ నుంచి దించుకుని మళ్లీ చూస్తే వరుస మొత్తం వేరే! చూడ్డానికి అదే కుక్క, అదే మొరుగుడు. వాట్సాప్ వీడియోను కుదించి పంపిస్తుంది, కాబట్టి అది వేరే ఫైలు. అదే వీడియోను 'డాక్యుమెంట్'గా పంపితే మాత్రం వరుస మారలేదు. ఫైలు పేరు 'కుక్క' నుంచి 'సాక్ష్యం1' అని మార్చి చూశాం. మారలేదు. చివర ఒక సెకను కత్తిరించి చూశాం. మొత్తం మారిపోయింది.

మా దగ్గరికి వచ్చే ప్రతి క్లైంటూ "వీడియో వాట్సాప్‌ల పంపిన మేడం" అనే అంటాడు. అసలు ఫోన్ ఎక్కడుందో ఈపాటికి నేను ఎంతమందిని అడగకుండా వదిలేశానో లెక్కేసుకుంటే సిగ్గేసింది.

పార్ట్ బి దగ్గర ఆగిపోయాం. ఎక్స్‌పర్ట్ అంటే ఎవరు? సెక్షన్ 63లో విడమరచి లేదు. ఐటీ యాక్ట్ 79ఏ కింద ప్రభుత్వం నోటిఫై చేసిన ఎగ్జామినరే కావాలా, కంప్యూటర్ తెలిసిన ఇంజినీరు చాలా? దీనికి నేను జవాబు చెప్పను, బల్లలకే వదిలేస్తాను.

జులై 4, శుక్రవారం

భోజనం గొడవ. ఊహించిందే.

హాలు గుడికి దూరమే, అయినా పుణ్యక్షేత్రంలో మాంసం వద్దని నేను. "మటన్ లేంది దావతా?" అని మెట్‌పల్లి వాళ్లు. దావత్ కాదు, వర్క్‌షాప్ అంటే "ఆదివారం పూట ఇంట్ల కూర వదిలిపెట్టి రావాల్నా?" అని ఎదురు ప్రశ్న. గ్రూపులో 83 మెసేజీలు వచ్చాయి. క్రిమినల్ లా మీద ఇంత చర్చ ఎన్నడూ జరగలేదు. చివరికి మున్షీ తాత మాటతో తెగింది. "మటన్ తిన్నంక మూడు గంటల క్లాసుల ఎవడు మెలకువుంటడు?"

బగారా అన్నం, గుత్తి వంకాయ, పచ్చిపులుసు, ఆలుగడ్డ వేపుడు, పెరుగన్నం, ఒక స్వీటు. ప్లేటు 130. నాలుగు గంటలకు చాయ్‌తో సర్వపిండి.

జులై 8, మంగళవారం

స్టేజీ గొడవ. ఇది భోజనం కన్నా పెద్దది.

ముఖ్య అతిథిగా పిలిచిన పెద్దాయన వస్తామన్నారు. పదిన్నరకు ప్రారంభం, పదకొండున్నరకు మొదటి క్లాసు అని కోరుట్ల అన్న ప్రోగ్రాం రాసుకొచ్చాడు. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. జ్యోతి వెలిగించడం, ప్రార్థన, ఎనిమిది మందికి ఆహ్వానం, ఎనిమిది శాలువాలు, ఎనిమిది బొకేలు, ఎనిమిది ఫొటోలు, తలా పది నిమిషాలనుకుంటే ఎనిమిది ప్రసంగాలు, వందన సమర్పణ. రెండున్నర గంటలు. అంటే ఒక క్లాసు పోయినట్టే. అతిథి గంట లేటుగా వస్తే రెండు క్లాసులు. పోయిన మూడు సభల్లో నేను చూసింది అదే.

"మరి పెద్దమనుషులను పిలిచి ఊరికే కూసోబెడ్తమా?" అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. మన దగ్గర మర్యాద తప్పితే పదేళ్లు గుర్తుంటుంది. క్లాసు తప్పితే ఎవరికీ గుర్తుండదు.

సాయంత్రం దాకా వాదించుకుని ఒక దారికి వచ్చాం. పొద్దున తొమ్మిదిన్నరకు ఏ సభా లేకుండా నేరుగా క్లాసు. అతిథి భోజనం వేళకు వస్తారు, మాతోపాటు బల్ల దగ్గర కూర్చుని తింటారు, తర్వాత ఇరవై నిమిషాలు మాట్లాడతారు. శాలువా ఒక్కటే, మున్షీ తాతకు. అతిథికి ఈ మాట ఎవరు చెప్పాలన్న దగ్గర అందరూ నా మొహం చూశారు. ఫోన్ చేశాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "అమ్మా, ఈ ఏడాదిలో నన్ను ప్రసంగం లేకుండా భోజనానికి పిలిచింది నువ్వే" అని నవ్వారు. ఇన్ని రోజులు ఎవరికి భయపడ్డామో!

జులై 12, శనివారం

మధ్యాహ్నానికే ధర్మపురి చేరాం. బల్లలు వేయించడం, నంబర్లు అంటించడం, 80 సెట్లు పేర్చడం. ప్రొజెక్టర్ వెలుతురుకు కిటికీలు అడ్డం, పరదాలు లేవు. సప్లయర్ దగ్గర ఉన్న పెళ్లి పరదాలు తెచ్చి కట్టాం, ఎర్రవి, జరీ అంచులతో. హాలు పెళ్లికి ముస్తాబైనట్టుంది. రాత్రి ఒక గంట కరెంటు పోయింది. జనరేటర్ ఉందని ఓనర్ చెప్పాడు, డీజిల్ లేదని ఇప్పుడు చెప్పాడు. 1,300 పెట్టి పోయించాం.

జులై 13, ఆదివారం

రాత్రి పదకొండు. కాళ్లు పీకుతున్నాయి. గుర్తున్నంత వరకు రాస్తాను.

71 మంది వచ్చారు. తొమ్మిదిన్నరకు 22 మందే, పదింటికి 60. అయినా ఆపలేదు. లేటుగా వచ్చినవాళ్లు ఖాళీగా ఉన్న బల్ల దగ్గర కూర్చుని పక్కవాణ్ణి అడిగి అందుకున్నారు. 36వ రూల్ చదివినప్పుడు హాల్లో నవ్వులు, కొన్ని మొహాల్లో మాత్రం నవ్వు లేదు.

రిమాండ్ క్లాసు కరీంనగర్ నుంచి వచ్చిన సీనియర్ తీసుకున్నారు. పోలీస్ కస్టడీ మొత్తం పదిహేను రోజులే, కానీ సెక్షన్ 187 ప్రకారం ఇప్పుడు ముక్కలు ముక్కలుగా అడగొచ్చు. కేసును బట్టి మొదటి 40 రోజుల్లోనో 60 రోజుల్లోనో. 'పదిహేను రోజులు దాటింది, ఇక పోలీసులకు ఇవ్వరు' అని క్లైంటుకు పాత ధైర్యం చెప్పొద్దన్నారు. తర్వాత బల్లల మీద మేం తయారు చేసిన ఉత్తుత్తి రిమాండ్ రిపోర్టు. అందులో అయిదు తప్పులు దాచిపెట్టాం. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరం, అయినా అరెస్టుకు బదులు హాజరు కమ్మని ఇచ్చే 35(3) నోటీసు ఊసే లేదు. అరెస్టు కారణాలు తెలిపామని రాసి ఉంది, ఆ కాగితం జత లేదు. ఇంటివాళ్లకు చెప్పినట్టు ఎక్కడా లేదు. అరెస్టు టైము మెమోలో ఒకటి, రిపోర్టులో ఒకటి. అయిదోది, నేరం జరిగింది 2024 జూన్ 28న, ఫిర్యాదు జులై 3న, కేసు పెట్టింది న్యాయ సంహిత కింద.

మొదటి నాలుగూ దాదాపు అందరూ పట్టుకున్నారు. అయిదోది రెండు బల్లలే పట్టుకున్నాయి. అందులో ఒకటి ఎన్‌రోల్ అయి ఎనిమిది నెలలే అయిన పిల్లలది! నేరం ఐపీసీ కింద, ప్రొసీజర్ మాత్రం నాగరిక సురక్షా సంహిత కింద అని ఒక అమ్మాయి లేచి చెప్పింది. ప్రొసీజర్ కూడా పాతదే కావాలని ఒక సీనియర్ పట్టుబట్టాడు. ఆ అమ్మాయి 531 సెక్షన్ తెరిచి, 2024 జులై 1 నాటికి నడుస్తున్న దర్యాప్తులకే పాత చట్టం, ఇక్కడ కేసే జులై 3న పుట్టింది కదా సార్ అంది. ఇరవై నిమిషాలు వాదన. నేను టైము చూసుకుని కూడా ఆపలేదు. ఆయన చివరికి "కూసో బిడ్డా, నీదే కరెక్ట్" అన్నాడు. అప్పటిదాకా జూనియర్లు మాట్లాడని హాలు, ఆ తర్వాత ఎవరి నోరూ మూతపడలేదు.

నా క్లాసు గురించి ఎక్కువ రాయను. కుక్క వీడియో వేయగానే నవ్వారు, రెండు వరుసలు పక్కపక్కన చూపించగానే ఆగిపోయారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేదాకా చీకట్లోనే చెప్పాను. పార్ట్ బి మీద 18 బల్లల్లో 11 ఏ జవాబూ రాయలేదు, ఖాళీగా ఇచ్చాయి. ఖాళీ కూడా ఒక జవాబే అనుకున్నాను.

మూడింటికి మున్షీ తాత. మైకు వద్దన్నాడు. ఖాస్రా పహాణీ నకలు ఒకటి గోడ మీద వేసి, కర్రతో ఒక్కో గడి చూపించాడు. ఖుష్కీ అంటే మెట్ట, తరీ అంటే మాగాణి. పాత కాగితాల మీద ఉండే ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది, 1344 ఫసలీ అంటే 1934 అట్లా. పట్టాదారు గడిలో ఒక పేరు, కబ్జా గడిలో వేరే పేరు ఉంటే అక్కడి నుంచే కేసు పుడుతుంది. "ఖారీజ్ ఖాతా అని కనబడ్డదనుకో, గప్పుడు నీ క్లైంటు మొఖం చూడు. గది సర్కారు భూమి." సేత్వార్, ఫైసల్ పట్టీ, చేసాల పహాణీ, ఈ పాత భూమి రికార్డుల పేర్లు విన్నవాళ్లమే గానీ చూసినవాళ్లం కాదు. భూతద్దం బల్ల నుంచి బల్లకు తిరిగింది. లక్సెట్టిపేట కుర్రాడు ఒకడు ఉర్దూ అంకెలు పది నిమిషాల్లో నేర్చుకుని సర్వే నంబర్లు గడగడా చదివేశాడు. తాత వాడి వీపు తట్టాడు. నాలుగున్నరకు ముగించాలి, అయిదున్నర అయినా ఎవరూ లేవలేదు. సర్వపిండి చల్లారిపోయింది.

శాలువా కప్పబోతే తాత వద్దంటూనే తల వంచాడు.

జులై 16, బుధవారం

లెక్కలు. రిజిస్ట్రేషన్ 21,300, సీనియర్లవి 15,000, మొత్తం 36,300. ఖర్చు: హాలు 9,000, భోజనాలు 90 ప్లేట్లకు 11,700, కాగితాలు, కార్డులు 4,400, మైకు, ప్రొజెక్టర్ 4,000, చాయ్, సర్వపిండి 2,950, రెండు ఫ్లెక్సీలు 2,400, డీజిల్ 1,300, వచ్చినవాళ్ల ప్రయాణం 2,000. మొత్తం 37,750. చేతి నుంచి పడింది 1,450. అందులో 1,200 వడ్ల బస్తాల మీద ఉంది. శాలువా కోరుట్ల అన్న తన డబ్బుతో తెచ్చాడు, రశీదు అడిగితే ఇవ్వలేదు.

తప్పులు కూడా రాసిపెట్టుకోవాలి. ఆడవాళ్లు 14 మంది వచ్చారు, హాల్లో వాళ్లకు వేరే బాత్‌రూమ్ ఒక్కటే, దానికి గొళ్లెం లేదు. నేను ఆడదాన్నై ఉండి జూన్ 7న అది చూడకుండా ప్లగ్ పాయింట్లు లెక్కపెట్టాను. జేబు కార్డు మీద ఒక సెక్షన్ తప్పుగా అచ్చయింది, దిద్దుబాటు గ్రూపులో పెట్టాను.

మధ్యాహ్నం లక్సెట్టిపేట నుంచి ఒక జూనియర్ తను నింపిన 63 సర్టిఫికెట్ ఫొటో పంపించాడు. పార్ట్ ఎ పొందికగా ఉంది, హ్యాష్ 64 అక్షరాలూ ఉన్నాయి. "పార్ట్ బి ఏది?" అని అడిగాను. రెండు బొమ్మలు వచ్చాయి, రెండూ తల గోక్కునేవే.

రాత్రి మున్షీ తాత ఫోన్ చేశాడు.

"బిడ్డా, నా భూతద్దం ఆడనే మరిచిపోయిన."

రేపే వెళ్లి తెచ్చిస్తానన్నాను.

"నువ్వు పోకు. గా లక్సెట్టిపేట పిలగాడు తీసి పెట్టిండట, ఫోన్ చేసిండు. ఆదివారం తెచ్చిస్తనన్నడు. వాళ్లూరి సేత్వార్ గూడ పట్టుకొస్తనన్నడు."